సముద్రంలో జీతగాళ్ళు: దౌత్యవేత్తల శిక్షణకు అనంతపురం ఏం నేర్పగలదు?

అనంతపురానికి సముద్రం లేదు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన, ఎర్ర నేల, వేరుశనగ, ఎండిన బోర్లు, ఇదీ మా పీఠభూమి. మా సంతల్లో సముద్రమంటే గోనెపట్టా మీద పోసిన ఎండుచేపల కుప్ప. అలాంటి చోట నుంచి మేము సముద్రం మీద జరిగే వెట్టి గురించి, దాన్ని ఆపడానికి దౌత్యవేత్తలకు ఇవ్వాల్సిన శిక్షణ గురించి రాస్తున్నాం. కరువు నేలకూ నడిసముద్రంలోని పడవకూ సంబంధమేమిటని ఎవరికైనా అనుమానం రావచ్చు. సంబంధం ఉంది. దాన్ని వివరించడానికే ఈ వ్యాసం.

ఇప్పుడు ప్రపంచంలో చట్టవిరుద్ధమైన చేపల వేట గురించి దేశాలు గట్టిగానే మాట్లాడుకుంటున్నాయి. ఉపగ్రహాలతో పడవలను వెతుకుతున్నారు. మన నౌకాదళం 2018 డిసెంబరులో గురుగ్రామ్‌లో హిందూ మహాసముద్ర ప్రాంత సమాచార కేంద్రాన్ని తెరిచింది. ఆ కేంద్రం నిఘా పెట్టే అంశాల్లో అక్రమ చేపల వేట కూడా ఒకటి. కానీ తెర మీద కనిపించేది పడవ. పడవలో ఉన్న మనిషి కనిపించడు. అతను ఎంత అప్పుకు ఎక్కాడు, అతని కాగితాలు ఎవరి దగ్గరున్నాయి, దిగిపోతానంటే దిగనిస్తారా అన్నది ఏ ఉపగ్రహమూ చెప్పదు. అది అడగడం తెలిసిన మనిషి కావాలి. ఆ అడగడాన్ని మన విదేశాంగ అధికారులకు ఎవరు నేర్పాలి, ఏం నేర్పాలి అన్నదే మా ప్రశ్న.

మూడు ముళ్ళు

జీతమంటే ఏమిటో రాయలసీమ దళితవాడల్లో పెద్దవాళ్ళను అడిగితే చాలు. ఇక్కడ 'జీతం' అంటే నెల తిరిగేసరికి చేతికొచ్చే డబ్బు కాదు. పెళ్ళికో, చావుకో, ఎద్దుకో తీసుకున్న అప్పు కింద కొడుకును రైతు ఇంట పెట్టడం. ఆ పిల్లవాడు జీతగాడు. అప్పు తీరేదాకా అతను ఇంకొకరి పనికి పోకూడదు, ఊరు దాటకూడదు, కూలి అడగకూడదు. ఈ మూడు ముళ్ళూ పడితే తాడు అక్కర్లేదు.

రూపం మారినా ముళ్ళు మారలేదు. ఈరోజు కదిరి, కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు నుంచి బెంగళూరు కట్టడాలకు పోయే కుటుంబాలు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునే పోతాయి. కువైట్‌కు ఇంటిపనికి పోయే మహిళలు ఏజెంటుకు అప్పు చేసి కట్టి పోతారు. అక్కడ దిగగానే పాస్‌పోర్టు సేఠ్ చేతిలోకి పోతుంది. అడ్వాన్సు తీసుకున్న ప్రతి ఒక్కరూ వెట్టివాళ్ళే అని మేము అనడం లేదు. అడ్వాన్సు మనిషిని పని వదిలిపోకుండా ఆపినప్పుడు, కూలి అడగకుండా నోరు మూయించినప్పుడు అది జీతం అవుతుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు చాకిరీని గుర్తుపట్టడానికి 11 గుర్తులు చెప్పింది. నిస్సహాయతను వాడుకోవడం, మోసం, కదలనివ్వకపోవడం, ఒంటరిని చేయడం, శారీరక లైంగిక హింస, బెదిరింపు, గుర్తింపు కాగితాలు లాక్కోవడం, కూలి ఆపడం, అప్పుతో కట్టేయడం, మనుషులు ఉండలేని చోట ఉంచడం, మితిమీరిన పనిగంటలు. ఈ జాబితాను మా ఊళ్ళలో చదివి వినిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆశ్చర్యపోవాల్సింది ఇంకోటి ఉంది. ఈ పదకొండూ ఒకేసారి కలిసే చోటు పడవ. నడిసముద్రంలో పారిపోవడానికి దారి లేదు, పోలీస్ స్టేషన్ లేదు, ఫోన్ అందదు. జీతగాడికి ఊరు దాటే దారైనా ఉండేది.

అదే సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి 2022లో విడుదల చేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో 2 కోట్ల 76 లక్షల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారు. వారిలో చేపల పడవల మీద ఉన్నవారు 1,28,000 మంది. అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే ఉండవచ్చని ఆ నివేదికే ఒప్పుకుంది.

ఇంకో పీఠభూమి కథ

ఆ పడవల మీదికి మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? అందరూ తీరంలో పుట్టిన జాలరులే అనుకుంటే పొరపాటు.

థాయిలాండ్ ఈశాన్యంలో ఇసాన్ అనే ప్రాంతం ఉంది. అదీ మనలాంటి పీఠభూమే. సముద్రం లేదు, వాన నమ్మకం లేదు, పేదరికం ఎక్కువ. ఒకప్పుడు థాయి చేపల పడవల మీద కూలీలుగా ఇసాన్ రైతుబిడ్డలు పెద్ద సంఖ్యలో పనిచేసేవారు. 1989 నవంబరులో 'గే' తుపాను థాయిలాండ్ సింధుశాఖలో పడవలను ముంచేసి వందల మందిని మింగింది. ఆ తుపాను అక్కడితో ఆగలేదు. బంగాళాఖాతం దాటి వచ్చి మన నెల్లూరు జిల్లా కావలి దగ్గర తీరాన్ని తాకింది. తెలుగువాళ్ళకు అది కావలి తుపానుగా గుర్తు.

ఆ దెబ్బతో ఇసాన్ యువకులు పడవలెక్కడానికి భయపడ్డారు. కూలీల కొరత వచ్చింది. కూలి పెంచాల్సిన యజమానులు ఇంకా పేదవాళ్ళను వెతికారు. మయన్మార్, కంబోడియా పల్లెల నుంచి దళారులు మనుషులను తెచ్చారు. వారిలో సముద్రం ముఖం చూడనివాళ్ళు, ఈత రానివాళ్ళు ఎందరో. ఫ్యాక్టరీలో పని అని చెప్పి పడవ యజమానికి అమ్మేశారు. అమ్మిన ధరే ఆ మనిషి నెత్తిన అప్పు అయింది.

2015లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పాత్రికేయులు ఇండోనేషియాలోని బెంజినా అనే దీవి గ్రామంలో ఇలాంటి కూలీలను బోనులో పెట్టి ఉంచిన సంగతి బయటపెట్టారు. వాళ్ళు పట్టిన చేప ఏ దారిన అమెరికా దుకాణాలకు చేరుతుందో కూడా చూపించారు. ఆ కథనాల తర్వాత 2,000 మందికి పైగా విముక్తి పొందారు. ఆ పాత్రికేయులకు 2016లో పులిట్జర్ వచ్చింది.

సముద్రం మీది వెట్టి నేల మీద మొదలవుతుందని చెప్పడానికే ఈ కథ చెప్పాం. పంట పోయిన చోట, అప్పు పుట్టిన చోట, కులమో జాతో మనిషి మాటకు విలువ తగ్గించిన చోట దళారి ముందు వచ్చి నిలబడతాడు. అతను చూపేది బెంగళూరు కావచ్చు, కువైట్ కావచ్చు, పడవ కావచ్చు.

దొంగ వేటకూ వెట్టికీ లంకె

అక్రమ వేట అన్నప్పుడు మూడు రకాలు కలిపి చెబుతారు. అనుమతి లేకుండానో నిబంధన మీరో వేటాడటం, పట్టిన చేప లెక్క చెప్పకపోవడం, ఏ దేశ నియంత్రణా లేని చోట ఇష్టమొచ్చినట్టు వేటాడటం. ఈ మూడింటికీ వెట్టితో లంకె ఎలా పడుతుందో వరసగా చూద్దాం.

తీరం దగ్గర చేప తగ్గింది. పడవ దూరం పోవాలి. డీజిల్ ఖర్చు పెరిగింది. చేప ధర కొనేవాడి చేతిలో ఉంది. ఇక తగ్గించడానికి మిగిలింది కూలి ఒక్కటే. రేవుకు వస్తే తనిఖీ, కూలీ దిగిపోయే ప్రమాదం. అందుకని కొన్ని కంపెనీలు పడవను రేవుకే రానివ్వవు. నడిసముద్రంలోనే చేపను ఇంకో ఓడకు ఎక్కించి, డీజిల్, బియ్యం దించుకుంటారు. ఒకే ఏర్పాటు రెండు నేరాలనూ దాస్తుంది. చేప ఎక్కడ పట్టారో తెలియదు, ఎవరితో పట్టించారో తెలియదు.

దానికి తోడు జెండా. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక ప్రకారం నడిసముద్రంలో ఓడ మీద అధికారం ఆ ఓడ ఏ దేశపు జెండా ఎగరేస్తే ఆ దేశానిదే. యజమాని ఒక దేశంవాడు, జెండా ఇంకో దేశానిది, కూలీ మూడో దేశంవాడు, చేప అమ్మేది నాలుగో దేశంలో. కూలీ చనిపోతే ఎవరిని అడగాలి? ఈ ముడి విప్పాల్సింది దౌత్యవేత్తే.

ముడి విప్పితే ఫలితం ఉంటుందనడానికి థాయిలాండే సాక్ష్యం. అక్రమ చేపను కొనబోమన్న నిబంధన కింద ఐరోపా సమాఖ్య 2015 ఏప్రిల్‌లో ఆ దేశానికి పసుపు కార్డు చూపింది. మొదట అది చేప గురించే. చర్చలు సాగేకొద్దీ కూలీల స్థితి కూడా బల్ల మీదికి వచ్చింది. 2019 జనవరిలో ఐరోపా ఆ కార్డు తీసేసింది. అదే నెలలో థాయిలాండ్ చేపల వేట పనిపై అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 188వ ఒప్పందాన్ని ఆసియాలో మొదటిగా ఆమోదించింది. అక్కడ అన్నీ బాగుపడ్డాయని కాదు. చర్చల బల్ల మీద కూలీ మాట ఎవరో ఒకరు ఎత్తాలి, ఎత్తితే కదులుతుంది అని.

మన వాళ్ళ కథ

ఇక తెలుగు నేల మీదికి వద్దాం. శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల నుంచి వేల మంది గుజరాత్‌లోని వేరావల్‌కు పడవ కూలీలుగా పోతారు. దగ్గర్లో పెద్ద చేపల రేవు లేకపోవడం, చేప తగ్గిపోవడం, అప్పులు అందుకు కారణాలు. తండేలు అనే పడవ నాయకుడు కలాసీలను కూడగడతాడు. సీజన్‌కు ముందు అడ్వాన్సు ఇస్తారు. 2020 లాక్‌డౌన్‌లో ఇలా అక్కడ చిక్కుకుపోయిన 4,000 మందికి పైగా ఆంధ్ర మత్స్యకారులను బస్సుల్లో తీసుకురావాల్సి వచ్చింది.

2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను సరిహద్దు దాటారని పాకిస్తాన్ అధికారులు పట్టుకుని కరాచీ జైల్లో పెట్టారు. ఈ మధ్య 'తండేల్' సినిమా చూసినవారికి ఈ కథ తెలుసు. మధ్యలో పుల్వామా, బాలాకోట్ వచ్చాయి. రెండు దేశాలూ మాట్లాడుకునే స్థితిలో లేవు. ఊళ్ళో ఆడవాళ్ళు అర్జీలు పట్టుకుని తిరిగారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటి వచ్చారు. దాదాపు 14 నెలలు.

వీళ్ళు చేసింది పడవ యజమాని పంపిన చోటికి పోవడం. పడవ అతనిది, లాభం అతనిది, జైలు మాత్రం కలాసీది. ఇక్కడ చట్టం ఏమంటుందో చూడండి. సముద్ర చట్ట ఒడంబడికలోని 73వ అధికరణ ప్రకారం ఒక దేశపు ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల వేట నిబంధన మీరినందుకు, దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలు శిక్ష వేయకూడదు. భారత్, పాకిస్తాన్ రెండూ ఈ ఒడంబడికలో ఉన్నాయి. అయినా సరిహద్దు తగాదా, చొరబాటు కేసుల పేరుతో రెండు వైపులా మత్స్యకారులు జైళ్ళలో మగ్గుతున్నారు. 2025 జనవరి 1న ఇచ్చిపుచ్చుకున్న జాబితాల ప్రకారం పాకిస్తాన్ జైళ్ళలో 217 మంది భారత మత్స్యకారులు, మన జైళ్ళలో 81 మంది పాకిస్తాన్ మత్స్యకారులు ఉన్నారు. అవతలి వాళ్ళ 81 మంది ఇళ్ళలోనూ ఇవే అర్జీలు, ఇవే ఎదురుచూపులు. హక్కుల గురించి మాట్లాడే మనం ఆ లెక్క కూడా చెప్పాలి.

ఈ జాబితాలు ఏటా జనవరి 1న, జూలై 1న మారుతాయి. 2008 మేలో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం దానికి ఆధారం. పట్టుబడిన మూడు నెలల్లో తమ దేశ అధికారులను కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, ఏ దేశస్తుడో ఖాయమైతే నెలలో పంపించాలి. చాలామంది చిక్కుకునేది ఈ 'ఏ దేశస్తుడో ఖాయం కావడం' దగ్గరే. జైల్లో చెప్పిన పేరు ఢిల్లీకి, ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి ఊరికి వస్తుంది. రేషన్ కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఫైలు ఆగిపోతుంది. చదువు లేని కలాసీకి ఒక అక్షరం తప్పు నెలల జైలు.

మత్స్యకార కులాలు మన రాష్ట్రంలో బీసీ జాబితాలో ఉన్నాయి. ఎస్టీల్లో చేర్చమని ఉత్తరాంధ్ర మత్స్యకారులు చాలాకాలంగా అడుగుతున్నారు. జాబితా ఏదైనా, కాగితం లేకపోవడం, మాట చెల్లకపోవడం దళితవాడకూ జాలరిపేటకూ ఒకటే.

శిక్షణలో ఏముండాలి

మన విదేశాంగ సర్వీసుకు ఎంపికైనవారికి ఢిల్లీలోని సుష్మా స్వరాజ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ సర్వీస్‌లో శిక్షణ ఇస్తారు. ఇతర దేశాల దౌత్యవేత్తలకు కూడా అక్కడ కోర్సులు నడుస్తాయి. అక్కడ ఈ విషయం మీద ఏం చెప్పాలో మా అవగాహన ఇది.

మొదటిది, మన సొంత నిర్వచనం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 నాటి ఒప్పందం ప్రకారం శిక్ష భయం చూపి, ఇష్టం లేకుండా చేయించే పని బలవంతపు చాకిరీ. మన రాజ్యాంగం 23వ అధికరణలో వెట్టిని నేరంగా ప్రకటించింది. 1947లో అంబేడ్కర్ రాజ్యాంగ సభ ముందుంచిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లోనే ఈ మాట ఉంది. 1982లో ఆసియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ఆకలి, పేదరికం మనిషిని తక్కువ కూలికి ఒప్పించినా అది బలవంతమేనని, కనీస కూలి ఇవ్వకపోవడం వెట్టేనని చెప్పింది. 'సంతకం పెట్టాడు కదా, ఇష్టపడే వచ్చాడు కదా' అనే కంపెనీ వాదనకు ఇంతకంటే గట్టి జవాబు లేదు. మన దౌత్యవేత్త బయటి నిర్వచనాలు నేర్చుకోవడమే కాదు, ఈ తీర్పును బయటికి తీసుకుపోవాలి.

రెండోది, రుజువు చేయాల్సింది ఎవరన్నది. 1976 వెట్టి చాకిరీ రద్దు చట్టంలో 15వ సెక్షన్ ఉంది. ఇది వెట్టి అప్పు అని కూలీ అంటే, కాదని రుజువు చేయాల్సిన బాధ్యత అప్పిచ్చినవాడిదే. పడవ కూలీ దగ్గర ఏ రుజువుంటుంది? రాయబార కార్యాలయంలో అతను మెట్లెక్కి వచ్చినప్పుడు 'నీ దగ్గర కాగితాలున్నాయా' అని మొదలుపెట్టే అధికారికీ, 'నీ కాగితాలు ఎవరు తీసుకున్నారు' అని మొదలుపెట్టే అధికారికీ మధ్య ఒక జీవితమంత తేడా ఉంటుంది.

మూడోది, జైలు తలుపు తట్టడం. 1963 వియన్నా కాన్సులర్ ఒడంబడిక 36వ అధికరణ ప్రకారం విదేశంలో అరెస్టయిన వ్యక్తికి తన దేశ అధికారులను కలిసే హక్కుంది. కుల్‌భూషణ్ జాధవ్ కేసులో భారత్ ఈ అధికరణ మీదే వాదించి 2019 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానంలో గెలిచింది. ఆ రోజుకు మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు కరాచీ జైల్లోనే ఉన్నారు. హక్కు ఒకటే. ఒక మాజీ నౌకాదళ అధికారి కోసం వాడిన పట్టుదల కలాసీ కోసం కూడా వాడాలని శిక్షణలో చెప్పాలి.

నాలుగోది, మన ఖాళీలను ఒప్పుకోవడం. ఓడ కార్మికుల హక్కుల ఒప్పందాన్ని భారత్ 2015లో ఆమోదించింది. కానీ ఆ ఒప్పందం చేపల పడవలకు వర్తించదు. చేపల పడవలకు వర్తించే 188వ ఒప్పందాన్ని భారత్ ఆమోదించలేదు. రాతపూర్వక పని ఒప్పందం, రోజుకు కనీసం 10 గంటల విశ్రాంతి, కూలీ దగ్గర దళారీ రుసుము తీసుకోకూడదనడం, ఇంటికి పంపే బాధ్యత అందులో ఉన్నాయి. అక్రమ చేపను రేవులోనే ఆపే 2009 నాటి ఒప్పందంలోనూ 2025 నాటికి భారత్ లేదు. చిన్న మత్స్యకారుల మీద భారం పడకూడదన్న వాదనలో నిజముంది. కానీ ఆ వాదన వెనక పెద్ద పడవల యజమాని దాక్కోకూడదు.

ఆ గదిలో ఎవరుండాలి

1976 చట్టంలో మేము మళ్ళీ మళ్ళీ చూపించే సంగతి ఇంకొకటుంది. జిల్లా విజిలెన్స్ కమిటీలో కలెక్టరుతో పాటు ఆ జిల్లాకు చెందిన ముగ్గురు ఎస్సీ, ఎస్టీలు తప్పనిసరిగా ఉండాలి. వెట్టిని గుర్తుపట్టడం అనుభవించిన కులాలకే బాగా తెలుసని చట్టం ఒప్పుకుంది. మన రాష్ట్రంలో ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి సాంఘిక సంక్షేమ శాఖలో ఉండగా ఈ చట్టాన్ని వాడవాడకూ తీసుకుపోయి, జీతగాళ్ళకు వాళ్ళ హక్కు వాళ్ళకే చెప్పారు.

దౌత్య శిక్షణకూ అదే నియమం పెట్టాలని మా డిమాండు. నౌకాదళ అధికారి, అంతర్జాతీయ న్యాయ ప్రొఫెసర్ పాఠం చెప్పే గదిలోనే విడుదలైన కలాసీ, కువైట్ నుంచి పాస్‌పోర్టు లేకుండా తిరిగొచ్చిన మహిళ, విజిలెన్స్ కమిటీలో పనిచేసిన దళిత కార్యకర్త కూడా పాఠం చెప్పాలి. కథ చెప్పి కన్నీళ్ళు పెట్టించడానికి వాళ్ళను పిలవకూడదు. పంతుళ్ళుగా పిలవాలి, పంతుళ్ళకిచ్చే గౌరవ వేతనం ఇవ్వాలి. కొత్త అధికారులను వారం రోజులు అనంతపురం పంపండి. అడ్వాన్సు ఎలా రాస్తారో, వడ్డీ ఎలా కడతారో, మేస్త్రీ ముందు మనిషి ఎలా మాట్లాడతాడో, మేస్త్రీ లేనప్పుడు ఎలా మాట్లాడతాడో ఇక్కడ తెలుస్తుంది. ఆ తేడా పట్టుకోగలిగిన అధికారి ఏ రేవులోనైనా పట్టుకోగలడు.

దళితులు ఈ సర్వీసుకు కొత్తవాళ్ళు కారు. 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన కె.ఆర్. నారాయణన్ రాయబారిగా పనిచేసి, 1997లో రాష్ట్రపతి అయ్యారు. విద్యార్థులు ఈ సర్వీసును కూడా తమదిగా చూడాలి.

మనం చేయగలిగింది

ఢిల్లీలో పాఠ్యాంశం మారేదాకా ఆగక్కర్లేదు. పనికి బయటికి పోయే ప్రతి కుటుంబం ఆధార్, రేషన్ కార్డు, పాస్‌పోర్టు నకళ్ళను ఊళ్ళోనే ఒకచోట భద్రపరచాలి. అన్నింట్లో పేరు ఒకేలా ఉండేలా ముందే దిద్దించాలి. ఏజెంటు పేరు, అతనికిచ్చిన డబ్బు, తీసుకున్న అడ్వాన్సు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టాలి. విదేశంలో ఆపద వస్తే కేంద్రం 2015లో తెచ్చిన 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. రాయబార కార్యాలయాల దగ్గర ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఉంటుంది, దాన్నుంచి తిరుగు టికెట్టు, న్యాయ సహాయం అడగవచ్చు. విద్యార్థులు సమాచార హక్కు కింద జిల్లా విజిలెన్స్ కమిటీ ఎప్పుడు సమావేశమైందో, ఆ ముగ్గురు సభ్యులు ఎవరో అడగాలి.

చేప ఎక్కడ పట్టారో చెప్పమని ప్రపంచం ఇప్పుడు అడుగుతోంది. ఎవరి చేత పట్టించారో కూడా చెప్పమని మనం అడగాలి. మా సంతలో ఎండుచేపలు కొనే అవ్వకైనా ఆ ప్రశ్న అర్థమవుతుంది, ఆమె తమ్ముడో కొడుకో ఎక్కడో ఒకచోట జీతం ఉన్నవాడే.